సీతాఫలం చెట్టు కొట్టించి ఆపిల్ పెట్టమంటారా?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. నల్లగొండలో పానగల్లు వైపు మా ఇల్లు. పోయిన సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లో మా అబ్బాయి దగ్గర నెలన్నర ఉండి వచ్చాను. వాళ్లు అద్దెకుండే ఇంటి వెనక ఓ ముసలి ఆపిల్ చెట్టుంది. ఇంటి ఓనరమ్మ ఒక కాయ కోసి నా చెవి దగ్గర పెట్టి ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి. 'కాక్స్ ఆరెంజ్ పిప్పిన్' అని పేరు రాసిచ్చింది. అరవై మూడేండ్లొచ్చాయి, అంత రుచిగల ఆపిల్ ఎప్పుడూ తినలేదు. ఏడు గింజలు కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. అబ్బాయి చెప్పినట్టు తడిగుడ్డలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే జనవరిలో మూడు మొలిచాయి. ఇప్పుడు నాలుగేసి ఆకులున్నాయి. పెరట్లో మంచి చోటంతా ఒక సీతాఫలం చెట్టు ఆక్రమించింది. మా అత్తగారు పెట్టింది, బాలానగర్ కాయ అనేది. పూత బాగానే వస్తది, కాయలు నాలుగైదుకు మించవు. దాన్ని కొట్టించి అక్కడ ఆపిల్ పెడదామని నా ఆశ. మా ఆయన వద్దంటున్నారు. ఆన్‌లైన్‌లో ఆపిల్ అంట్లు కూడా అమ్ముతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఆ గొడ్డలి లోపల పెట్టించండి. ఈ విషయంలో నేను మీ సారు పక్షం. ఎందుకో చెబుతాను. ఆపిల్ ఆశ పూర్తిగా వదులుకోమని మాత్రం అనను.

గింజలు గలగలమన్నాయని రాశారు చూడండి, అది చదవగానే మీరు తిన్నది అసలైన కాక్సే అని నాకు నమ్మకం కుదిరింది. బాగా పండిన కాక్స్ లోపల గింజలు గూడు నుంచి విడిపోయి గిలక్కాయలా మోగుతాయి. ఆ కాయకున్న గుర్తుల్లో అదొకటి. దీని పుట్టుక కూడా మీకు దగ్గరిదే. మీ విమానం దిగిన హీత్రో ఎయిర్‌పోర్టుకు పడమర పక్కనే కోల్న్‌బ్రూక్ అని ఊరుంది. బీరు తయారీ వ్యాపారం మానుకుని అక్కడ తోట పెంచుకుంటున్న రిచర్డ్ కాక్స్ అనే పెద్దాయన 1825 ప్రాంతంలో నాటిన గింజ నుంచి లేచిన చెట్టు ఇది. రిబ్‌స్టన్ పిప్పిన్ అనే ఇంకా పాత రకం గింజ అని చెబుతారు. తన చెట్టుకు పేరు మోగకముందే ఆయన పోయాడు. 1850 తర్వాతే అది నర్సరీలకెక్కి, ఇంగ్లండ్ పెరళ్లన్నిటికీ పాకింది. అక్కడ ఆపిల్‌ని రెండు జాతులుగా చూస్తారు. పులుపెక్కువ ఉండి ఉడికించుకు తినేది ఒకటి, భోజనం అయ్యాక కోసుకుని ఉత్తగా తినేది ఇంకోటి. ఆ రెండో జాతిలో కాక్స్‌ను మించింది లేదని వాళ్ల పట్టుదల. మన దగ్గర బంగినపల్లి, హిమాయత్ గురించి కొట్లాడుకుంటాం కదా, అదే వరస.

ఇక మీ మూడు మొలకల సంగతి. నిరాశపడకండి గానీ, అవి కాక్స్ కావు. కాక్స్ పిల్లలు, అంతే. ఆపిల్ రకాలు చాలావరకు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు, కాక్స్ కూడా అంతే. పక్కన వేరే రకం చెట్టు ఉండాలి, తేనెటీగలు మధ్యవర్తిత్వం చేయాలి. మీ గింజలకు తల్లి తెలుసు, తండ్రి ఏ పక్కింటి చెట్టో ఆ తేనెటీగకే తెలియాలి. పైగా పిల్ల తల్లిలా ఉంటుందన్న నమ్మకం ఆపిల్‌లో అస్సలు లేదు. వంద గింజలు నాటితే వంద రకాలు లేస్తాయి, వాటిలో ఎక్కువ భాగం పుల్లగానో వగరుగానో ఉంటాయి. మామిడి టెంక నాటి, అంటు కాయ రుచి కోసం ఎదురుచూసినవాళ్లకు ఈ బాధ తెలుసు. రిచర్డ్ కాక్స్‌కు తగిలింది లాటరీ. అందుకే ఆ రుచి కావాలంటే గింజ దారి పనికిరాదు, కొమ్మ దారే. ఆ మొదటి చెట్టు కొమ్మ కోసి అంటు కట్టారు, ఆ అంటు కొమ్మ కోసి మళ్లీ కట్టారు. మీ అబ్బాయి పెరట్లో ఉన్నది కూడా రెండు వందల ఏండ్ల కిందటి ఆ ఒక్క చెట్టు కొమ్మే.

ఒక తమాషా చెబుతాను. కాక్స్‌ను ఒక ఎర్ర డెలీషియస్ రకంతో కలిపితే కిడ్స్ ఆరెంజ్ రెడ్ అని ఒక రకం వచ్చింది. దాన్ని గోల్డెన్ డెలీషియస్‌తో కలిపి న్యూజిలాండ్‌లో గాలా అనే రకం తీశారు. మీ నల్లగొండ గడియారం సెంటర్‌లో బండి మీద 'రాయల్ గాలా' అని అమ్మేది ఆ సంతతే. అంటే మీరు మొదటిసారి తిన్నామనుకున్న కాక్స్‌కు మనవరాలిని ఇన్నేండ్లుగా కిలోల లెక్కన కొంటున్నారు. రుచిలో మాత్రం అవ్వకూ మనవరాలికీ పోలిక తక్కువ, ఒప్పుకుంటాను.

సరే, అబ్బాయి అసలైన కాక్స్ కొమ్మే పంపించాడనుకోండి. అప్పుడు కాస్తుందా? కాయదు. కారణం ఎండ అనుకుంటారు చాలామంది. ఎండ రెండో కారణం. మొదటిది చలి లేకపోవడం.

ఆపిల్ చెట్టు పుట్టింది మంచు దేశాల్లో. శీతాకాలంలో మొగ్గ పొరపాటున విచ్చుకుంటే మాడిపోతుంది గనక, అది మొగ్గలకు తాళం వేసుకుని నిద్రపోతుంది. ఆ తాళం తెరిచేది కూడా చలే. ఎన్ని గంటలు చలి పడిందో చెట్టు లోపల లెక్క పెట్టుకుంటుంది. సున్నాకూ 7.2 డిగ్రీలకూ మధ్య గడిచిన గంటలను చలి గంటలంటారు. కాక్స్‌కు సుమారు 1000 గంటలు కావాలి. అంటే రాత్రీ పగలూ కలిపి నలభై రెండు రోజులు మీ పెరడు ఫ్రిజ్ లోపలిలా ఉండాలి. నల్లగొండలో చలి బాగా ముదిరిన రాత్రి కూడా 10, 12 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఎప్పుడన్నా ఇంకా దిగినా తెల్లవారుజామున గంటో రెండు గంటలో, పొద్దెక్కేసరికి మళ్లీ 28. మీ లెక్కలో ఏటా జమ అయ్యేది దాదాపు సున్నా. చెట్టు చావదు. కొమ్మ కొసన గుప్పెడు ఆకులేసి, మిగతా మొగ్గలు కండ్లు మూసుకునే ఉంటాయి. పూత రాదు. మీ గింజలు కూడా ఫ్రిజ్‌లో తడిగుడ్డ మధ్య రెండు నెలలు పడుకున్నాకే మొలిచాయి కదా. గింజకున్న పట్టుదలే చెట్టుకూ ఉంది. తేడా ఏమంటే చెట్టును ఫ్రిజ్‌లో పెట్టలేం.

చెట్టు మొదట్లో ఐస్ గడ్డలు వేస్తామండీ అని మా దగ్గరికి చాలామంది వచ్చేవాళ్లు. ఒకాయన రోజూ పొద్దుగాల ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మ తెప్పించి చెట్టు మొదట్లో పెట్టేవాడు. చలి కావాల్సింది మొగ్గకు, వేరుకు కాదు. ఆ ఐస్‌తో బాగుపడింది పక్కనున్న కరివేపాకు చెట్టొక్కటే.

రుచి సంగతి కూడా చలితోనే ముడిపడి ఉంది. కాక్స్ సెప్టెంబర్‌లో పండుతుంది. అక్కడ అప్పటికి రాత్రులు చల్లబడతాయి. చల్లని రాత్రుల్లో కాయ తన చక్కెరను తాను ఖర్చు పెట్టుకోదు, పులుపు నిలుస్తుంది, తోలు మీద ఎరుపు ఎక్కుతుంది. వెచ్చని రాత్రుల్లో కాయ ఊపిరి ఎక్కువగా తీస్తుంది, కూడబెట్టుకున్నదంతా కరిగిపోతుంది. మే నెలలో రాత్రి పన్నెండింటికి కూడా ముప్పై డిగ్రీలుండే నల్లగొండలో కాక్స్ ఎలాగో కాసినా, మీరు ఆ ఓనరమ్మ చేతిలోంచి తీసుకుని తిన్న కాయ కాదది.

అయితే తెలంగాణలో ఆపిల్ కాయనే కాయదా అంటే, కాసింది. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సాయంతో తోట వేసి 2020లో కాయలు కోశారు. పేపర్లలో మీరూ చూసే ఉంటారు. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అక్కడ చలికాలం రాత్రులు 7 డిగ్రీల కిందికి దిగుతాయి, మన పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల సంగతి వేరు. ఇక అక్కడ పెట్టినవి కాక్స్ లాంటి పాత రకాలు కావు, చలి తక్కువైనా సరిపెట్టుకునే రకాలు. వాటిలో మన దేశపుది హెచ్‌ఆర్‌ఎంఎన్-99. హిమాచల్‌లో బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామ రైతు హరిమన్ శర్మ తన పెరట్లో గమనించి నిలబెట్టిన రకం. ఆయనకు 2025లో పద్మశ్రీ ఇచ్చారు. ఇజ్రాయెల్‌లో తీసిన ఆనా అనే రకం ఇంకోటి, బహామా దీవుల్లో ఒకావిడ పెరట్లో దొరికిన డార్సెట్ గోల్డెన్ మరోటి. ఆనాకు రెండు మూడు వందల చలి గంటలు చాలంటారు, డార్సెట్‌కు వంద. ఈ రెండూ ఒకేసారి పూస్తాయి, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పనికొస్తుంది కాబట్టి జంటగా పెట్టడం ఆనవాయితీ.

ఆ వందా రెండు వందలూ కూడా మనకు లేవు. అప్పుడేం చేస్తారంటే, చెట్టును మోసం చేస్తారు. ఇండోనేషియాలో జావా దీవి మీద మలాంగ్ పక్కన బటు కొండల్లో ఆపిల్ తోటలున్నాయి. చలికాలమే లేని దేశం. వాళ్లు కాయ కోసిన కొన్నాళ్లకు చెట్టు మీది ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. మొగ్గలు గాఢ నిద్రలోకి జారకముందే ఆకు పోయేసరికి విచ్చుకుంటాయి. అలా ఏడాదికి రెండు పంటలు తీస్తారు. నేను జడ్చర్ల దగ్గర మా తోటలో చేసింది ఈ పనే.

నా అనుభవం దాచకుండా చెబుతాను, మీకు డబ్బులు మిగులుతాయి. ఒక నర్సరీ నుంచి నాలుగు అంట్లు తెప్పించాను. ఒకటి దారిలోనే పోయింది. ఇంకోదాన్ని మొదటి ఎండాకాలం చెదలు తిన్నాయి, మా ఎర్ర చెల్కల్లో చెదలు రాజ్యమేలుతాయి. మూడోది మాత్రం ఏపుగా పెరిగింది. నిలువెత్తు కొమ్మలు, ముదురాకు, వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాను. రెండేండ్లు దానికి పెంట, వేపపిండి, డ్రిప్పు. మూడో ఏడు ఒక రోజు మొదట్లో గడ్డి పీకుతూ చూస్తే, అంటు కట్టిన ముడి దగ్గర బొటనవేలంత నల్లటి ఎండు మోడు. పైన కట్టిన ఆనా ఎప్పుడో చచ్చిపోయింది. కింది వేరుమొక్క ముడి కింద నుంచి చిగురేసుకుని చెట్టయింది. రెండేండ్లు నేను పెంచింది పేరులేని అడవి ఆపిల్ మొక్కను. నాలుగోది నిజం ఆనా. డిసెంబర్ చివర నీళ్లు పదిహేను రోజులు ఆపి, ఆకు దూసి, మళ్లీ నీళ్లిస్తే నాలుగు వారాలకు గులాబీ రంగు మొగ్గలు కనబడ్డాయి. ఆ పొద్దు మా ఇంట్లో పండగే. పోయినేడు పదకొండు కాయలు నిలిచాయి. మే ఎండకు పడమటి వైపు నాలుగు కాయలు ఉడికినట్టు మచ్చపడ్డాయి. మిగిలినవి నిమ్మకాయ కంటే కొంచెం పెద్దవి, కొరికితే పిండి పిండిగా ఉన్నాయి. మా మనవడు ఒకటి తిని, బజారు నుంచి తెచ్చింది లేదా తాతా అన్నాడు.

ఇది తెలిసీ పెట్టాలనుకుంటే పెట్టండి, సరదాకు నేను అడ్డం రాను. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మాత్రం కండ్లు తెరిచి చూడండి. కుండీలో జానెడు మొక్కకు ఎర్రటి కాయలు గుత్తులుగా వేలాడే ఫొటో పెట్టినవాడి దగ్గర కొనొద్దు. 'పాతకాలపు ఇంగ్లండ్ రకం' అని అమ్మేవాడి దగ్గర అసలే వద్దు. మొక్క ఇంటికొచ్చాక మొదట చూడాల్సింది అంటు ముడి. నేల నుంచి జానెడు ఎత్తులో కాండం వంకర తిరిగినట్టు, కొంచెం ఉబ్బినట్టు ఉంటుంది. ముడి పైన పచ్చగా ఉండాలి, ముడి కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. నాటేటప్పుడు ఆ ముడి మట్టికి నాలుగు వేళ్ల పైనే ఉండాలి. ఆపిల్ పేరుతో ఆపిల్ రేగు అంటగట్టడం కూడా జరుగుతోంది. ఆపిల్ ఆకు అంచు రంపపు పళ్లలా ఉంటుంది, ముల్లుండదు. రేగు ఆకుకు మొదట్లోంచి మూడు ఈనెలు బయల్దేరతాయి, అడుగు తెల్లగా ఉంటుంది.

అబ్బాయితో కొమ్మ తెప్పించుకునే ఆలోచన కూడా మానుకోండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి, అక్కడి అధికారుల ఆరోగ్య పత్రం లేకుండా మొక్కలు, కొమ్మలు, గింజలు దేశంలోకి తేకూడదు. మీ కాగితం పొట్లం కూడా తప్పే, ఇంకోసారి వద్దు. ఇది చాదస్తం కాదు. ఆపిల్, పియర్ చెట్లను నిప్పు పెట్టినట్టు మాడ్చే ఫైర్ బ్లైట్ అనే తెగులు కొమ్మల్లో దాక్కుని దేశాలు దాటుతుంది. మన సరదాకు కశ్మీర్, హిమాచల్ రైతులు మూల్యం కట్టకూడదు.

మరి ఆ మూడు మొలకలను ఏం చేయాలి? బతికించండి. వాటికొక పని ఉంది. ఒక్కొక్కదాన్ని అడుగున్నర లోతు కుండీలోకి మార్చండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పెంట ఒక పాలు, నీరు నిలవకుండా కాస్త ఇసుక. మీ వైపు బోరు నీళ్లు ఉప్పు దేలితే ఆకు ఈనెల మధ్య పసుపెక్కుతుంది, వీలైతే వాన నీళ్లు పట్టి పోయండి. మార్చి నుంచి జూన్ దాకా పొద్దుటి ఎండ పది గంటల వరకే తగలాలి, తర్వాత నీడ. ఇంటి తూర్పు గోడ వార అయితే సరిగ్గా సరిపోతుంది. షేడ్‌నెట్ కడితే 50 శాతంది కట్టండి. కుండీ మీద రెండంగుళాల మందాన పల్లి పొట్టు పరిస్తే నీళ్లు ఒకపూట ఆగుతాయి. ఈ ఎండాకాలం మూడింటిలో రెండు దాటితే గొప్ప. వచ్చే డిసెంబర్‌కో ఆపై డిసెంబర్‌కో కాండం పెన్సిలంత లావవుతుంది. అప్పుడు దాన్ని జానెడు ఎత్తులో కోసి, మధ్యలో చీల్చి, ఆనా కొమ్మను మేకులా చెక్కి దింపి, ప్లాస్టిక్ టేపు చుట్టేస్తే సరి. పైన ఇజ్రాయెల్ ఆపిల్, కింద మీ కాక్స్ పిల్ల. మీరు తెచ్చిన గింజ వృథా కాదు, పదేండ్లు కూర్చుని తెలియని కాయ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇక మీ అత్తగారి చెట్టు దగ్గరికొస్తాను. నిజానికి మీ ఉత్తరంలో నన్ను కదిలించింది ఇదే.

బాలానగర్ కాయ అన్నారు కదా. జడ్చర్ల, షాద్‌నగర్ మధ్య హైవే మీదున్న బాలానగరే అది. మన పాలమూరు జిల్లా ఊరి పేరు దేశమంతా సీతాఫలం రకానికి పేరైంది. మహారాష్ట్ర నర్సరీలో అడిగినా 'బాలానగర్' అంటూ అంటు తీసిస్తారు. కాక్స్ పక్కన కోల్న్‌బ్రూక్ పేరు లేదు గానీ, ఈ కాయ పక్కన మన ఊరి పేరుంది. దసరా నుంచి దీపావళి దాకా పొద్దుగాల అటు పోయి చూడండి. గుట్టల మీద నుంచి ఆడవాళ్లు గంపలు దించుతారు, పైన సీతాఫలం ఆకే కప్పు. కూర్చుని కాయను అరచేతిలో తిప్పుతూ కండ్లు చూస్తారు. కండ్లు విచ్చుకుని మధ్య గీతలు మీగడ రంగుకు తిరిగితే ఒక పక్క, ఇంకా దగ్గరగా ఉంటే ఇంకో పక్క. చేతికి ఒక్క క్షణం కూడా పట్టదు. ఇంగ్లిషోళ్లు కూడా దీన్ని కస్టర్డ్ ఆపిల్ అనే పిలిచారు. భోజనం తర్వాత ఉత్తగా తినే ఆపిలే కావాలంటే మీ పెరట్లో అది ముందే ఉందన్నమాట. ఇదీ పరదేశిదే, అమెరికా ఖండం నుంచి వచ్చింది. సీతమ్మ పేరు పెట్టుకుని మనదైపోయింది.

పూత ఉండీ కాయ లేకపోవడానికి మీ చెట్టు తప్పు లేదు. సీతాఫలం పువ్వు ఒకే పువ్వులో ముందు ఆడది, తర్వాత మగది. మూడు మందపాటి రెక్కలు కాస్త ఎడమైనప్పుడు లోపలి తెల్లని మొన తడిగా, జిగురుగా ఉంటుంది. అప్పుడది పుప్పొడి అడుగుతుంది, దాని దగ్గర ఇంకా లేదు. రెక్కలు బార్లా తెరుచుకునేసరికి పుప్పొడి రాలుతుంది, ఆ జిగురు ఎండిపోయి ఉంటుంది. ఇద్దరికీ ముహూర్తం కుదరదు. అడవిలో ఆవగింజంత పురుగులు రెక్కల్లో దూరి ఈ పని చేసిపెడతాయి. సిమెంటు చేసిన పెరళ్లలో అవి తక్కువ. పైగా ఏప్రిల్, మే వడగాలికి ఆ జిగురు రెండు గంటల్లో ఆరిపోతుంది. ఒంటరి చెట్టు, పురుగుల్లేవు, గాలి పొడి. నాలుగైదు కాయలు రావడమే దాని గొప్పతనం.

పూతకు ముందే, ఎండలు ముదరకముందే కొమ్మలు కత్తిరించండి. కాయ కొత్త రెమ్మల మీద వస్తుంది. పోయినేటి రెమ్మలను సగానికి తగ్గించి, ఎండువి, లోపలికి ఒరుసుకునేవి తీసేయండి. రాలకుండా మిగిలిన పాత ఆకులను కూడా దూసేయండి. దీనికొక కారణముంది. సీతాఫలం మొగ్గ ఆకు పక్కన కాదు, ఆకు తొడిమ మొదలు కింద దాక్కుని ఉంటుంది. ఒక ఆకును మెల్లగా విరిచి చూడండి, తొడిమ చివర టోపీలా గుంట, దాని కింద సన్నటి నూగుతో మొగ్గ. ఆకు ఊడితే గానీ దానికి వెలుతురు లేదు. ఆపిల్ మొగ్గకు చలి తాళం, దీనికి ఆకు తాళం. ఈ తాళం చెవి మీ చేతిలోనే ఉంది.

పూత వచ్చాక చేత్తో పుప్పొడి అద్దాలి. మీరు చాక్‌పీస్ పట్టిన చేతివారు, మీకు కష్టం కాదు. మనవలు బొమ్మలకు రంగులేసే మెత్తని బ్రష్షు, ఒక స్టీలు గిన్నె చాలు. పొద్దు పొడవకముందే లేచి, రెక్కలు బార్లా తెరిచిన పువ్వులను గిన్నె మీద పట్టి తట్టండి. లేత గోధుమరంగు పొడి, కొన్ని సన్నని రేకలు పడతాయి. వెంటనే రెక్కలు అప్పుడే ఎడమవుతున్న పువ్వును పట్టుకుని, ఒక రెక్కను వేలితో పక్కకు వంచి, బ్రష్షుతో లోపలి మొన చుట్టూ తిప్పండి. ఒక వైపే అద్దితే కాయ ఆ వైపే పెరిగి వంకరవుతుంది. ఎనిమిది దాటితే ఆపేయండి. లావుపాటి కొమ్మల దగ్గరి పువ్వులనే ఎంచుకోండి, కొసల మీదివి కాయ మోయలేవు. రోజుకు పాతిక పువ్వులు, వారం రోజులు. మే నెలలో అద్దినవాటి కంటే జూన్‌లో తొలకరి పడ్డాక అద్దినవి ఎక్కువ నిలుస్తాయి, గాలిలో తేమ ఉంటుంది గనక. అంతకుముందైతే పాదు చుట్టూ నేల తడిపి పెట్టండి.

ఒక మాట ముందే చెబుతున్నా, మళ్లీ గాబరాపడి గొడ్డలి తీస్తారేమోనని. కట్టిన పిందె బఠాణీ గింజంత ఉండి నెల దాకా అలాగే కూర్చుంటుంది. చచ్చిందనుకోకండి. వానలు పడితే పెరగడం మొదలుపెడుతుంది.

ఎరువు మరీ పెట్టొద్దు, ఆకే పెరుగుతుంది. జూన్‌లో రెండు గంపల మాగిన పెంట, కిలో వేపపిండి చాలు. కాయల సందుల్లో తెల్లగా దూదిలా పిండినల్లి చేరుతుంది. దాన్ని మోసుకొచ్చేవి చీమలు. కాండానికి జానెడు వెడల్పు ప్లాస్టిక్ కాగితం చుట్టి పైన గ్రీజు రాస్తే సగం పీడ పోతుంది. మిగిలినదానికి లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, చుక్క సబ్బు కలిపి కొట్టండి. మేకల భయం లేదు, ఆ ఆకు అవి ముట్టవు.

కాయ కండ్లు విచ్చుకోగానే తొడిమతో కోసి బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో పెడితే మూడు రోజుల్లో మెత్తబడుతుంది. చెట్టు మీదే పండనిస్తే ఉడతల పాలు. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి తోలు నల్లబడి లోపల పండదు. ఒకదానికి చలి లేక బాధ, ఇంకోదానికి చలే బాధ. గింజలు పిల్లల చేతికివ్వొద్దు. పేలకని గింజలు నూరి తలకు పెట్టే అలవాటు ఇంకా ఉంది మన దగ్గర, ఆ పొడి కంట్లో పడితే చూపుకే ముప్పు.

కుండీలు పెట్టాల్సిన చోటు కూడా మీ చెట్టే చూపిస్తోంది. మధ్యాహ్నం దాని నీడ ఎక్కడ పడుతుందో అక్కడ ఆ మూడు కుండీలూ వరసగా పెట్టండి, షేడ్‌నెట్ ఖర్చు తగ్గుతుంది. ఏ మొక్క పెన్సిలంత లావైతే అప్పుడు ఫొటో తీసి మళ్లీ రాయండి. ఆనా కొమ్మ నా చెట్టు నుంచి కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచుతాను.